భాగం – 9: మెదడు ధమనుల అరుదైన వ్యాధి 'మొయామొయా' – దృష్టి లోపాలు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 దృష్టి మార్గం
9.3 దృష్టి మార్గానికి రక్త సరఫరా
9.4 మొయామొయా వ్యాధి స్వభావం
9.5 చూపుపై వ్యాధి ప్రభావాలు
9.6 లక్షణాలు బయటపడే సందర్భాలు
9.7 వ్యాధిని గుర్తించడం
9.8 చికిత్స
9.9 చదువు, దైనందిన జీవనం
9.10 సారాంశం
9.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబులు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు
9.13 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• కంటిలో ఏ దోషమూ లేకపోయినా చూపు ఎందుకు దెబ్బతింటుందో వివరించగలుగుతారు.
• మొయామొయా వ్యాధిలో మెదడు ధమనుల్లో వచ్చే మార్పులను వర్ణించగలుగుతారు.
• ఒక కంటి చూపు పోవడానికీ, రెండు కళ్లలో ఒకే వైపు సగం చూపు పోవడానికీ తేడా చెప్పగలుగుతారు.
• వచ్చి పోయే చూపు లోపాన్ని ప్రమాద సూచనగా గుర్తించి, బాధితులను సరైన వైద్యుల వద్దకు పంపగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగాల్లో వక్రీభవన దోషాలు, శుక్లాలు, నీటికాసులు, నేత్రపటల వ్యాధుల గురించి తెలుసుకొన్నారు. వీటన్నింటిలోనూ లోపం కంటిలోనే ఉంటుంది. అయితే చూడటం కంటితో మొదలై మెదడులో పూర్తవుతుంది. కాబట్టి మెదడుకు రక్తం తీసుకొనిపోయే ధమనులు సన్నబడినా చూపు దెబ్బతినవచ్చు. అలాంటి అరుదైన వ్యాధుల్లో మొయామొయా ఒకటి.

అరుదైన వ్యాధి గురించి ఎందుకు చదవాలి అనే సందేహం మీకు రావచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. తొమ్మిదేళ్ల బాలిక ఒకరోజు బాగా ఏడ్చిన తరవాత 'నాకు ఎడమ వైపు కనబడటం లేదు' అంటుంది. పది నిమిషాల్లో చూపు మామూలు అవుతుంది. మరునాడు కంటి పరీక్ష చేయిస్తే రెండు కళ్లూ బాగానే ఉన్నాయని తేలుతుంది. బడికి పోకుండా ఉండటానికి సాకు చెబుతున్నదని పెద్దలు అనుకొంటారు. కాని అది మెదడుకు రక్తం చాలడం లేదని తెలిపే హెచ్చరిక కావచ్చు. ఈ దశలో గుర్తిస్తే శస్త్రచికిత్సతో పక్షవాతాన్ని, శాశ్వత దృష్టి నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. ఆ అవకాశం జారిపోతే, చనిపోయిన మెదడు కణాలను తిరిగి తీసుకొనిరాలేం. ఈ భాగంలో మీరు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

9.2 దృష్టి మార్గం

కంటి వెనక భాగంలో ఉండే నేత్రపటలం కాంతిని నాడీ సంకేతాలుగా మారుస్తుంది. ఈ సంకేతాలు దృక్ నాడి ద్వారా కంటిని దాటుతాయి. రెండు కళ్ల నుంచి వచ్చే దృక్ నాడులు మెదడు అడుగున ఒకచోట కలుసుకొంటాయి. ఆ చోటును దృక్ వ్యత్యాసిక అంటారు. ఇక్కడ ప్రతి కంటిలోనూ ముక్కు వైపు సగం నుంచి వచ్చిన తంతువులు అవతలి వైపుకు దాటుతాయి. కణత వైపు సగం నుంచి వచ్చినవి దాటకుండా అదే వైపున సాగుతాయి.

ఫలితంగా, మనకు ఎడమ వైపున ఉన్న దృశ్యం ఏ కంటితో చూసినా మెదడు కుడి సగానికే చేరుతుంది. కుడి వైపు దృశ్యం ఎడమ సగానికి చేరుతుంది. వ్యత్యాసిక దాటిన తంతువులు దృక్ పథంగా థాలమస్‌కు చేరి, అక్కడి నుంచి విసనకర్రలా విచ్చుకొని మెదడు వెనక భాగానికి వెళ్తాయి. ఇలా విచ్చుకొన్న తంతువులను దృక్ వికిరణం అంటారు. తల వెనక ఉండే అనుకపాల లంబికలో సంకేతాలు దృశ్యంగా రూపొందుతాయి.

దీని నుంచి ఒక ముఖ్యమైన నియమాన్ని గుర్తుంచుకోవచ్చు.

• దెబ్బ వ్యత్యాసికకు ముందు, అంటే కన్ను లేదా దృక్ నాడికి తగిలితే ఒక కంటి చూపు పోతుంది.
• దెబ్బ వ్యత్యాసికకు వెనక తగిలితే రెండు కళ్లలోనూ ఒకే వైపు చూపు పోతుంది.

ఈ తేడా బాధితులకు తెలియదు. ఎడమ వైపు సగం కనబడనివారు చాలామంది 'ఎడమ కన్ను పని చేయడం లేదు' అనే చెబుతారు. అందువల్ల ఒక్కొక్క కన్ను మూసి చూశారా అని అడగాలి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసినా ఎడమ వైపు కనబడకపోతే లోపం కంటిలో కాక మెదడులో ఉందని అనుమానించాలి.

9.3 దృష్టి మార్గానికి రక్త సరఫరా

మెదడుకు నాలుగు పెద్ద ధమనుల ద్వారా రక్తం అందుతుంది. మెడకు ముందు వైపు రెండు అంతర కెరోటిడ్ ధమనులు, వెనక వైపు రెండు వెన్నుపూస ధమనులు ఉంటాయి. అంతర కెరోటిడ్ ధమని పుర్రెలోకి ప్రవేశించాక మొదట కంటికి నేత్ర ధమనిని ఇస్తుంది. ఆ తరవాత కొంత పైకి సాగి పూర్వ మస్తిష్క ధమని, మధ్య మస్తిష్క ధమని అనే రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. వెన్నుపూస ధమనులు రెండూ కలిసి ఒకే ధమనిగా మారి, చివరకు రెండు పశ్చ మస్తిష్క ధమనులను ఇస్తాయి. ఈ ధమనులన్నీ మెదడు అడుగున చిన్న శాఖలతో కలిసి విల్లిస్ వలయంగా ఏర్పడతాయి.

దృష్టి మార్గంలోని భాగాలకు రక్తం ఇలా అందుతుంది.

• కన్ను, నేత్రపటలం: నేత్ర ధమని
• దృక్ పథం: ప్రధానంగా అంతర కెరోటిడ్ ధమని చివరి భాగం నుంచి వచ్చే సన్నని శాఖలు
• దృక్ వికిరణం: మధ్య, పశ్చ మస్తిష్క ధమనుల శాఖలు
• అనుకపాల లంబిక: ప్రధానంగా పశ్చ మస్తిష్క ధమని

మధ్య, పశ్చ మస్తిష్క ధమనుల పరిధులు కలిసే సరిహద్దు ప్రాంతాన్ని కాలువ చివరి పొలంతో పోల్చవచ్చు. కాలువలో నీరు తగ్గితే మొదట ఎండేది చివరి మడే. అలాగే రక్త ప్రవాహం తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేది ఈ సరిహద్దు ప్రాంతమే. దృష్టికి సంబంధించిన తంతువులు కొన్ని ఈ ప్రాంతం గుండానే పోతాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
గమనిక: జవాబులను 9.11లో ఇచ్చిన వాటితో సరిపోల్చుకోండి.
1. దృక్ వ్యత్యాసికకు వెనక దెబ్బ తగిలితే చూపు ఎలా పోతుంది?
2. అనుకపాల లంబికకు ప్రధానంగా ఏ ధమని రక్తాన్ని అందిస్తుంది?

9.4 మొయామొయా వ్యాధి స్వభావం

ఈ వ్యాధిని మొదట జపాన్‌లో 1957లో టకేయుచి, షిమిజు అనే వైద్యులు వర్ణించారు. 1969లో జిరో సుజుకి, అకిరా టకాకు దీనికి 'మొయామొయా' అనే పేరు పెట్టారు. జపనీస్ భాషలో ఈ మాటకు పొగలా మసకగా ఉన్నది అని అర్థం. ఆ పేరు ఎలా వచ్చిందో వ్యాధి క్రమాన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ వ్యాధిలో అంతర కెరోటిడ్ ధమని చివరి భాగం, దాని నుంచి చీలే పూర్వ, మధ్య మస్తిష్క ధమనుల మొదళ్లు క్రమంగా సన్నబడతాయి. సాధారణంగా ఇది రెండు వైపులా జరుగుతుంది. పెద్ద వయసులో ధమనులు పూడుకొనిపోయే వ్యాధిలో గోడల్లో కొవ్వు చేరుతుంది. మొయామొయాలో కొవ్వు కాక, ధమని లోపలి పొరలో కండర కణాలు, పీచు కణజాలం పెరిగి దారిని మూసివేస్తాయి. పెద్ద దారి మూసుకొనిపోతున్నప్పుడు మెదడు అడుగున ఉన్న సన్నని రక్తనాళాలు ఉబ్బి పక్క దారులుగా మారతాయి. యాంజియోగ్రఫీ చిత్రంలో ఈ వల ఊదిన పొగ గుత్తిలా కనిపిస్తుంది. సుజుకి, టకాకు ఈ మార్పులను ఆరు దశలుగా వర్గీకరించారు.

ఈ సన్నని నాళాలు పెద్ద ధమనికి సాటి కావు. అవి అవసరమైనంత రక్తాన్ని ఇవ్వలేకపోతే మెదడు కణాలు దెబ్బతింటాయి. ఒత్తిడి తట్టుకోలేక చిట్లితే మెదడులో రక్తస్రావం అవుతుంది. పిల్లల్లో రక్తం చాలకపోవడం వల్ల వచ్చే లక్షణాలే ఎక్కువ. పెద్దవారిలో రెండు రకాలూ కనిపిస్తాయి.

వ్యాధి ఎక్కువగా రెండు వయసుల్లో బయటపడుతుంది: 5 నుంచి 10 ఏళ్ల ప్రాయంలో ఒకసారి, నలభైల ప్రాంతంలో మరొకసారి. పురుషుల్లో కంటే స్త్రీలలో దాదాపు రెండింతలు కనిపిస్తుంది. జపాన్, కొరియా, చైనా దేశాల్లో ఎక్కువైనా, భారతదేశంతో సహా అన్ని చోట్లా ఉంది. 2011లో ఆర్.ఎన్.ఎఫ్.213 అనే జన్యువులోని మార్పుకు ఈ వ్యాధితో సంబంధం ఉందని జపాన్ పరిశోధకులు గుర్తించారు. అయితే ఆ మార్పు ఉన్నవారందరికీ వ్యాధి రాదు.

వేరే వ్యాధితో పాటు ఇలాంటి ధమని మార్పులే వస్తే దాన్ని మొయామొయా సిండ్రోమ్ అంటారు. డౌన్ సిండ్రోమ్, మొదటి రకం న్యూరోఫైబ్రోమటోసిస్, తలకు రేడియేషన్ చికిత్స, సికిల్ సెల్ వ్యాధి ఇందులో ముఖ్యమైనవి. వీటిలో సికిల్ సెల్ వ్యాధి మన రాష్ట్రాల్లోని ఆదివాసీ ప్రాంతాలకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలోనూ, తెలంగాణలో ఆదిలాబాద్ వంటి ప్రాంతాల్లోనూ ఈ వ్యాధిగ్రస్తులు ఉన్నారు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. సికిల్ సెల్ ఉన్న పిల్లలు చూపు గురించి ఫిర్యాదు చేస్తే నేత్రపటలాన్నీ, మెదడు ధమనులనూ రెండింటినీ పరీక్షించాలి. ఈ వ్యాధి రెండింటినీ దెబ్బతీయగలదు.

9.5 చూపుపై వ్యాధి ప్రభావాలు

(అ) తాత్కాలిక చూపు లోపం: కొన్ని నిమిషాలు చూపు మసకబారడం, సగం దృశ్యం కనబడకపోవడం, తరవాత మామూలు కావడం. రక్త ప్రవాహం కొద్దిసేపు తగ్గి మళ్లీ కుదుటపడినప్పుడు ఇలా జరుగుతుంది. మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం కూడా తోడు కావచ్చు.

(ఆ) అర్ధ దృష్టి లోపం: రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం కనబడదు. మెదడు కుడి భాగం దెబ్బతింటే ఎడమ సగం, ఎడమ భాగం దెబ్బతింటే కుడి సగం పోతుంది. దృక్ వికిరణంలో కొంత భాగమే దెబ్బతింటే నాలుగో వంతు మాత్రమే పోవచ్చు. పోయిన వైపు నల్లగా కనిపిస్తుందని అనుకోవద్దు. అక్కడ ఏమీ లేనట్లే ఉంటుంది. అందుకే చాలామంది లోపాన్ని గమనించక గుమ్మాలకు, మనుషులకు తగులుతుంటారు.

(ఇ) మెదడు సంబంధ అంధత్వం: రెండు వైపులా అనుకపాల లంబికలు దెబ్బతింటే రెండు కళ్లతోనూ చూపు పోతుంది. అయినా టార్చి వెలుగు వేస్తే కంటిపాప మామూలుగానే చిన్నదవుతుంది. కంటిపాప స్పందించే నాడీ మార్గం వేరు కావడమే దీనికి కారణం. కాబట్టి కంటిపాప స్పందించినంత మాత్రాన చూపు ఉందని చెప్పలేం.

(ఈ) గుర్తించడంలో ఇబ్బంది: కంటి ముందున్నది కనిపిస్తుంది కాని అదేమిటో పోల్చుకోలేరు. గుంపులో వస్తువును వెతకలేరు, దూరాలను అంచనా వేయలేరు. కుడ్య, అనుకపాల లంబికల సరిహద్దు దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది.

(ఉ) మిరుమిట్లు, తలనొప్పి: మెరుపు గీతలు, వెలుగు చుక్కలు కనిపించి తలనొప్పి రావచ్చు. ఇది పార్శ్వపు నొప్పిని పోలి ఉంటుంది. అందువల్ల పొరబడే అవకాశం ఎక్కువ. పార్శ్వపు నొప్పికి వాడే కొన్ని మాత్రలు రక్తనాళాలను బిగిస్తాయి కనుక, వ్యాధి నిర్ధారణ కాకుండా వాటిని సొంతంగా వాడకూడదు.

(ఊ) కంటిలోని మార్పులు: ఇవి అరుదు. నేత్రపటల ధమని మూసుకొనిపోయిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కంటి నాడి మొదలు పుట్టుకతోనే పువ్వు ఆకారంలో ఏర్పడే 'మార్నింగ్ గ్లోరీ' లోపం ఉన్న పిల్లల్లో కొందరికి మొయామొయా ఉంటుంది. కంటి వైద్యులు ఈ లోపాన్ని చూసినప్పుడు మెదడు ధమనులను కూడా పరీక్ష చేయిస్తారు.

చాలామందిలో కన్ను ఎందుకు బాగుంటుంది అనే ప్రశ్నకు జవాబు 9.3లోనే ఉంది. నేత్ర ధమని కెరోటిడ్ ధమని సన్నబడే చోటుకు ముందే చీలుతుంది. అందువల్ల కంటికి రక్తం అందుతూనే ఉంటుంది. కొన్ని దశల్లో నేత్ర ధమని శాఖలే పెద్దవై మెదడుకు రక్తం పంపే పక్క దారులుగా పని చేస్తాయి. పశ్చ మస్తిష్క ధమని బాగున్నంత కాలం అది కూడా ముందు భాగాలకు సాయం చేస్తుంది. కొందరిలో వ్యాధి ఆ ధమనికీ పాకుతుంది. అప్పుడు చూపు దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది.

9.6 లక్షణాలు బయటపడే సందర్భాలు

పిల్లల్లో లక్షణాలు తరచు వేగంగా ఊపిరి తీసినప్పుడు బయటపడతాయి. వెక్కి వెక్కి ఏడవడం, వేడి పదార్థాన్ని ఊదుకొంటూ తినడం, బెలూన్ లేదా పిల్లనగ్రోవి ఊదడం, ఆయాసం వచ్చేలా పరుగెత్తడం ఇలాంటివి.

కారణం ఏమిటి? వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడు రక్తనాళాలు కుంచించుకొంటాయి. ఆరోగ్యవంతులకు దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. మొయామొయా ఉన్నవారి మెదడుకు అందే రక్తం అప్పటికే అంతంత మాత్రం. అది ఇంకాస్త తగ్గగానే లక్షణాలు కనిపిస్తాయి. జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ వల్ల ఒంట్లో నీరు తగ్గినా ఇదే ప్రమాదం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. మొయామొయాలో ధమని దారి మూసుకొనిపోవడానికి కారణం ఏమిటి?
4. ఏడ్చినప్పుడు పిల్లల్లో లక్షణాలు ఎందుకు బయటపడతాయి?

9.7 వ్యాధిని గుర్తించడం

ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు ఈ ప్రశ్నలు అడిగి జవాబులను తేదీ, సమయంతో రాసిపెట్టాలి.

• చూపు అకస్మాత్తుగా పోయిందా? ఎంతసేపటికి వచ్చింది?
• ఒక్కొక్క కన్ను మూసి చూశారా? ఏ వైపు కనబడలేదు?
• దానికి ముందు ఏం చేస్తున్నారు?
• మాట, చెయ్యి, కాలు, నోటి వంకరలో తేడా వచ్చిందా?
• ఇలా ఇంతకు ముందు ఎన్నిసార్లు జరిగింది?

అర్ధ దృష్టి లోపాన్ని పరికరాలు లేకుండా కొంతవరకు కనిపెట్టవచ్చు. బాధితుడికి ఎదురుగా సుమారు ఒక మీటరు దూరంలో కూర్చోండి. అతన్ని ఒక కన్ను మూసుకొని మీ ముక్కు వైపే చూడమనండి. మీ చేతులను రెండు పక్కలకు చాచి, ఒక్కో వైపు వేళ్లు చూపి ఎన్నో చెప్పమనండి. పైన, కింద కూడా ఇలాగే చూడండి. తరవాత రెండో కంటికి చేయండి. ఇది ప్రాథమిక పరిశీలన మాత్రమే. కంటి ఆసుపత్రిలో పెరిమెట్రీ యంత్రంతో దృష్టి క్షేత్రాన్ని కచ్చితంగా కొలుస్తారు. దూరంగా ఉన్న చార్టు చదివించే పరీక్ష ఒక్కటే చాలదు. దృష్టి క్షేత్రం సగం పోయినవారు కూడా చార్టులో చివరి వరస చదవగలరు.

వ్యాధిని నిర్ధారించడానికి ఎం.ఆర్.ఐ.తో మెదడును, ఎం.ఆర్. యాంజియోగ్రఫీతో ధమనులను చూస్తారు. శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా కెథటర్ ద్వారా మందు ఎక్కించి తీసే యాంజియోగ్రఫీ చేస్తారు.

హెచ్చరిక: అనుమానం తీర్చుకోవడానికి పిల్లల చేత గట్టిగా ఊపిరి తీయించడం, బెలూన్ ఊదించడం వంటివి ఎప్పుడూ చేయకూడదు. చూపు అకస్మాత్తుగా పోతే, తిరిగి వచ్చినా సరే, అదేరోజు ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. మాట, చేతులు, కాళ్లు కూడా దెబ్బతింటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

9.8 చికిత్స

సన్నబడిన ధమనిని మళ్లీ మామూలు చేసే మందు ఇంతవరకు లేదు. రక్తం చాలక లక్షణాలు వచ్చినవారికి వైద్యులు తరచు ఆస్పిరిన్ ఇస్తారు. రక్తస్రావం అయినవారి విషయం వేరు. కాబట్టి దీన్ని సొంతంగా మొదలుపెట్టడం, మానడం ప్రమాదకరం. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో క్రమం తప్పకుండా రక్తం ఎక్కించడం వల్ల పక్షవాతం ప్రమాదం తగ్గుతుంది.

ముఖ్యమైన చికిత్స శస్త్రచికిత్స. మెదడుకు కొత్త దారిలో రక్తం అందించడం దీని ఉద్దేశం. ఇందులో రెండు పద్ధతులున్నాయి.

• ప్రత్యక్ష పద్ధతి: చెవి ముందు వేలు పెడితే కొట్టుకొనే ధమని శాఖను పుర్రెలో చేసిన రంధ్రం ద్వారా మధ్య మస్తిష్క ధమని శాఖకు కుడతారు. మెదడు ధమనికి ఇలాంటి అతుకును 1967లో జూరిచ్‌లో యాసర్గిల్ అనే శస్త్రవైద్యుడు మొదటిసారి వేశారు. రక్తం వెంటనే అందుతుంది.
• పరోక్ష పద్ధతి: ధమనిని లేదా కండరాన్ని మెదడు ఉపరితలంపై పరుస్తారు. కొన్ని నెలల్లో దాని నుంచి కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. పిల్లల్లో ఇది బాగా పని చేస్తుంది.

రక్తస్రావం అయిన 80 మంది పెద్దవారిపై జపాన్‌లో జరిపిన అధ్యయన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ప్రత్యక్ష శస్త్రచికిత్స పొందిన 42 మందిలో 5గురికి, పొందని 38 మందిలో 12 మందికి మళ్లీ రక్తస్రావం అయింది.

శస్త్రచికిత్స రాబోయే నష్టాన్ని తగ్గిస్తుంది. వచ్చి పోయే చూపు లోపం తగ్గవచ్చు, ఆగవచ్చు. అప్పటికే చనిపోయిన మెదడు భాగం వల్ల పోయిన చూపును మాత్రం అది తిరిగి ఇవ్వలేదు. కాలం విలువ ఇక్కడే తెలుస్తుంది.

9.9 చదువు, దైనందిన జీవనం

అర్ధ దృష్టి లోపం మిగిలిపోయినవారు తగిన శిక్షణతో చదువు, పనులు కొనసాగించవచ్చు. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడి సగం పోయినవారికి రాబోయే పదం కనిపించదు, చదవడం బాగా నెమ్మదిస్తుంది. ఎడమ సగం పోయినవారికి తరవాతి వరస మొదలు దొరకదు. ఎడమ అంచున రంగు గీత గీయడం, వరస కింద స్కేలు పెట్టడం వీరికి ఉపకరిస్తాయి. కనబడని వైపుకు కళ్లను, తలను తరచు తిప్పి చూసే అలవాటును సాధన చేయించాలి.

తరగతిలో బల్లను, నల్లబల్ల కనబడే వైపుకు వచ్చేటట్లు వేయాలి. పరీక్షలో అదనపు సమయం కావాలంటే వైద్య ధ్రువపత్రంతో ముందుగానే కోరాలి. రోడ్డు దాటేటప్పుడు తోడు కనబడని వైపున నడవాలి. ఇలాంటివారు వైద్యుల అనుమతి లేకుండా వాహనం నడపకూడదు. మంచినీళ్లు తరచు తాగించాలి, జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. పంటి చికిత్సకు వెళ్లినా సరే, మత్తు ఇచ్చే ముందు వ్యాధి సంగతి చెప్పాలి.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 అల్పదృష్టిని నిర్వచించేటప్పుడు చూపు పదునుతో పాటు దృష్టి క్షేత్రాన్ని కూడా పరిగణిస్తుంది. సికిల్ సెల్ వ్యాధి, దీర్ఘకాలిక నాడీ వ్యాధులు కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. కాబట్టి అర్హత నిర్ణయానికి వెళ్లేటప్పుడు పెరిమెట్రీ నివేదికను వెంట తీసుకొనిపోవాలి.

9.10 సారాంశం

చూపు కన్ను, మెదడు కలిసి చేసే పని. మొయామొయా వ్యాధిలో మెదడు అడుగున ఉన్న ధమనులు సన్నబడి, పొగ గుత్తిలాంటి సన్నని నాళాలు పక్క దారులుగా ఏర్పడతాయి. రక్తం చాలనప్పుడు చూపు కొద్దిసేపు పోయి రావచ్చు, లేదా రెండు కళ్లలో ఒకే వైపు శాశ్వతంగా పోవచ్చు. కన్ను మాత్రం చాలామందిలో మామూలుగానే ఉంటుంది. అందువల్ల 'కళ్లు బాగున్నాయి' అనే నివేదికతో పరిశోధన ఆపకూడదు. దృష్టి క్షేత్రాన్ని, ఆ తరవాత మెదడు ధమనులను పరీక్షించాలి. తాత్కాలిక లక్షణాల దశలోనే శస్త్రచికిత్స జరిగితే మిగిలిన చూపును కాపాడుకొనే అవకాశం ఎక్కువ.

9.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబులు

1. రెండు కళ్లలోనూ ఒకే వైపు చూపు పోతుంది.
2. పశ్చ మస్తిష్క ధమని.
3. ధమని లోపలి పొరలో కండర కణాలు, పీచు కణజాలం పెరగడం.
4. వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు కుంచించుకొని రక్త ప్రవాహం తగ్గుతుంది.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరసల్లో సమాధానాలు రాయండి.
1. దృష్టి మార్గాన్ని, దాని రక్త సరఫరాను వివరించండి.
2. మొయామొయా వ్యాధిలో కనిపించే దృష్టి లోపాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వరసల్లో సమాధానాలు రాయండి.
1. మొయామొయాలో కన్ను మామూలుగా ఉండటానికి కారణం ఏమిటి?
2. ప్రత్యక్ష, పరోక్ష శస్త్రచికిత్స పద్ధతుల తేడా రాయండి.
3. అర్ధ దృష్టి లోపం ఉన్న విద్యార్థికి తరగతిలో ఎలాంటి ఏర్పాట్లు చేస్తారు?

9.13 పదకోశం

దృష్టి క్షేత్రం: చూపును ఒకచోట నిలిపినప్పుడు చుట్టూ కనిపించే మొత్తం ప్రదేశం.
దృక్ వ్యత్యాసిక: రెండు దృక్ నాడులు కలిసి, కొన్ని తంతువులు అవతలి వైపుకు దాటే చోటు.
అనుకపాల లంబిక: తల వెనక ఉండి దృశ్యాన్ని గ్రహించే మెదడు భాగం.
పెరిమెట్రీ: దృష్టి క్షేత్రాన్ని కొలిచే పరీక్ష.
యాంజియోగ్రఫీ: రక్తనాళాల లోపలి దారిని చిత్రంగా చూపే పరీక్ష.